దారి మూసిన రోజు

ఏప్రిల్ ఇరవై మూడు, పొద్దున ఆరున్నర.
బర్మా భుజాన వేసుకుని సముద్రం మీద నడుస్తున్నాను.
పదకొండేళ్లుగా ఇదే నా కొలువు:
గడ్డకట్టిన నీళ్లకు చిల్లు పెట్టి
కొలబద్ద దించి
ఈ దారి ఇంకెన్నాళ్లు మనల్ని మోస్తుందో చెప్పడం.

జనవరిలో మూరన్నర ఉంది.
పాల వ్యాను, ఇంజను మార్చిన ట్రాక్టరు,
చివరికి గున్నెల్ ముసలమ్మ శవపేటిక కూడా
దీని మీదుగానే అవతలి ఒడ్డుకు పోయాయి.
ఇవాళ జానెడు.
ఆ జానెడైనా గట్టిది కాదు,
చేతిలోకి తీసుకుంటే పుల్లలు పుల్లలుగా విడిపోయి
గాజు గాజుతో ఒరుసుకున్న చప్పుడు.

మొదటి గుంజకు ఎర్రబోర్డు తగిలించాను:
దారి మూసివేయబడినది.
మా దీవిలో వసంతం ఇలాగే వస్తుంది,
తలుపు వేసుకుంటూ.

ఇక మూడు వారాలు
కారు పోదు, పడవ రాదు.
నూట ముప్పై మందిమి, ఒక దుకాణం.
ముందు రొట్టెల్లోకి ఈస్టు అయిపోతుంది,
తర్వాత కాఫీపొడి,
ఆ తర్వాత ఓపిక.

అయినా ఎవరికీ దిగుల్లేదు, చూడండి.
కిటికీ అద్దాల మీద ఆరునెలల మసి
ఒక్కసారిగా బయటపడి
ఆడవాళ్లూ మగవాళ్లూ గుడ్డలు పట్టుకుని నిచ్చెనలెక్కారు.
చిన్నది టూవె బూట్లనిండా నీళ్లు నింపుకుని
నడుస్తుంటే వచ్చే చప్పుడు కోసమే నడుస్తోంది.
డిసెంబరులో
ఒక కప్పు చల్లారేలోపు ముగిసిన పగలు
ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక కూడా
వెళ్లనని మొండికేసి గుమ్మంలో నిలబడుతోంది.

దారి పక్క గుట్ట కుంగిపోతోంది.
పార్లతో మేం చలికాలమంతా ఎత్తిపోసిన మంచు,
కుక్కలు ఎరిగిన మంచు, బూడిద మంచు.
అందులోంచి ఒక్కొక్కటే తేలుతున్నాయి:
ఒంటి చేతితొడుగు, దీపాల తీగ,
ఎవరిదో పళ్లసెట్టు (ఎవరూ నాది అనరు),
ఆపైన
ఆకుపచ్చ రంగు పిడి.

నా పార.

ఫిబ్రవరిలో పోయింది.
టోర్కెల్ తీశాడన్నాను.
మొహం మీదే అన్నాను, దుకాణంలో, నలుగురి ముందు.
ఆయన గుడ్లు కొన్నాడు, చిల్లర లెక్కపెట్టుకున్నాడు,
వెళ్లిపోయాడు.
అప్పట్నుంచి మా రెండిళ్ల మధ్య
ఇరవై అడుగుల సముద్రం,
నా బర్మాకి అందనంత మందం.

మంచు దాస్తుందే గాని మింగదు.
ఆ మాట మా నాన్న వేరే సంగతికి అనేవాడు.

పార లాగాను. సగం వచ్చి ఆగింది.
మళ్లీ లాగాను. నేనూ పారా కలిసి వెనక్కి పడ్డాం.

పడవల షెడ్డు దక్షిణపు గోడకు
వీపులానించి కూర్చున్నారు ముసలివాళ్లంతా,
ఆరబెట్టిన వలల్లా సాగిలబడి.
ఆ చివర టోర్కెల్.
కోటు గుండీలు రెండు విప్పాడు.
అక్టోబరు తర్వాత ఆయన మెడ చూడటం ఇదే,
పాలిపోయి, గడ్డం గీసుకున్న చోట తెగి,
ఎండ పడి మెల్లిగా ఎర్రబడుతున్న మెడ.

నోరు తెరిచాను.
"ఆగు" అన్నాడు కళ్లు విప్పకుండానే,
"వింటున్నా."

చూరు నుంచి చుక్క.
బకెట్టులో.
ఇంకో చుక్క.
దూరంగా హంసల కూత, ఇంకా కనపడని హంసలు.
వాటి కిందెక్కడో సముద్రం
నిద్దట్లో పక్కకి తిరిగినట్టు
ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

చాలాసేపటికి ఆయన
ఒక జానెడు జరిగాడు.

నేను పట్టేంత చోటు కాదు.
అయినా కూర్చున్నాను.
పార మా ఇద్దరి మధ్యా గోడకు ఆనించి ఉంది.
దాని పిడి చివర నుంచి కూడా
నీళ్లు కారుతున్నాయి.